అమ్మ తిప్పి పంపిన పంది

మా అమ్మ గురించి మా ఊరివాళ్ళు రెండు మాటలు చెబుతారు. వంట అద్భుతంగా చేస్తుందన్నది ఒకటి, కూతుర్ని గాలికి వదిలేసిందన్నది రెండు. మొదటిది పచ్చి అబద్ధం. ఆవిడ వండితే అడుగంటని అన్నం నేనెరగను. రెండో దాని సంగతి మీరే తేల్చుకోండి. ఆ గాలికి వదిలేసిన కూతుర్ని నేనే.

అమ్మ పేరు ఇల్యుమినాడా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ లూమింగ్ అంటారు. బొహోల్ దీవిలో లోంబోయ్ మా పల్లె. నాన్న సెరపియో, అమ్మ నోట పియో, కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు, అమ్మ చాపలు అల్లుతుంది. ఏడాదిలో పదకొండు నెలలు మాకు చెప్పుకోదగ్గ కథేమీ ఉండదు. మే నెల వస్తే మాత్రం దీవి మొత్తానికి పూనకం వస్తుంది. ప్రతి పల్లెకి ఒక పునీతుడు, ప్రతి పునీతుడికి ఒక తేదీ. ఇవాళ వాళ్ళ ఊరి పండగ, ఎల్లుండి మన ఊరిది. పొద్దున చర్చిలో పూజ, తర్వాత భోజనాలు, పొద్దు వాలాక బాస్కెట్‌బాల్ కోర్టులో డాన్సు. పండగ రోజు మెట్లెక్కి వచ్చిన మనిషి ఎవరైనా సరే పళ్ళెం ఇవ్వాల్సిందే. ఎవరు నువ్వని అడగకూడదు, పొమ్మని అసలే అనకూడదు.

ఆడపిల్లని డాన్సుకి తీసుకెళ్ళాలంటే మాత్రం ఒక పద్ధతుంది. స్నేహితులంతా గుంపుగా ఇంటికి రావాలి. తండ్రి ముందు చేతులు కట్టుకుని నిలబడి అడగాలి. ఆయన వాళ్ళ తాతముత్తాతల దాకా ఆరా తీసి, గడియారం చూపించి, ఇన్నింటికల్లా తీసుకురండి అని అప్పుడు ఊఁ అనాలి. ఎవరు అడిగి తీసుకెళ్ళారో వాళ్ళే తిరిగి గుమ్మంలో దింపాలి. ఊళ్ళో ఏ ఇంట్లో అయినా ఇదే తంతు.

మా ఇంట్లో కాదు. నాకు పదహారు నిండిన ఏడాది మొదటిసారి నా స్నేహితులు వచ్చి, బిక్కమొహాలు వేసుకుని వరసగా నిలబడితే అమ్మ చాప అల్లుతూ తలైనా ఎత్తలేదు.

"నన్నెందుకు అడుగుతారు? వెళ్ళేది అది. దాన్నడగండి."

వాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. అలా అన్న తల్లిని వాళ్ళెప్పుడూ చూడలేదు మరి. చివరికి నావైపు తిరిగి, అంతే వినయంగా, "వస్తావా రోవెనా?" అన్నారు. నవ్వాగక నేను వాకిట్లోకి పరుగెత్తాను. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇదిగో ఇందాయ్! తాగాలనిపిస్తే మీ నాన్న గీసిన కల్లు తాగు, సీసాలో అమ్మేది ముట్టుకోకు. ఎవడైనా చెయ్యి వెయ్యరాని చోట వేస్తే చెప్పు తియ్యి."

మా దగ్గర ఆడపిల్లని ముద్దుగా ఇందాయ్ అనే పిలుస్తారు. అమ్మ నోట ఆ పిలుపు వచ్చిందంటే వెనకాల ఏదో ఒక ఆజ్ఞ ఉంటుంది.

ఇది చూసి ఒంటికాలి మీద లేచింది మా తిమోతియా అత్త. నాన్నకి అక్క. చర్చిలో ముందు బెంచీ ఆవిడది, ఊళ్ళో పెళ్ళి మాటలన్నీ ఆవిడ చేతుల మీదే నడవాలి.

"ఆడపిల్ల కాళ్ళకి అడ్డం లేకపోతే ఎక్కడికి పోతాయో తెలుసా లూమింగ్?"

"డాన్సుకి పోతాయి వదినా. కాళ్ళు ఉన్నది అందుకేగా."

"నవ్వులాట కాదు. రేపు ఏదన్నా అయితే?"

"ఏదన్నా అయితే ఇంటికొచ్చి నాకు చెబుతుంది. మీ అమ్మాయిలు మీకు చెబుతారా?"

అత్త మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. అమ్మ అన్నది అబద్ధం కాదు మరి. అత్త కూతుళ్ళు కిటికీ దూకి డాన్సుకి వచ్చేవాళ్ళు. నేను వీధి గుమ్మంలోంచి, తల దువ్వుకుని, చెప్పి మరీ వెళ్ళేదాన్ని. ఆ మూడేళ్ళలో చుట్టుపక్కల పల్లెల పండగలన్నీ తిరిగాను. చెప్పు తీయాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది, తీశాను, ఆ కుర్రాడు ఇప్పటికీ నన్ను చూస్తే అవతలి గట్టు మీదుగా వెళ్తాడు.

ఇంక అసలు సంగతి. తొంభై నాలుగు, మే పన్నెండు. నాకు పంతొమ్మిదేళ్ళు. జూన్‌లో టాగ్‌బిలారన్ పట్నం వెళ్ళి టీచరు చదువులో చేరాలి, సీటు వచ్చింది. ఆ రోజు పక్క పల్లె కనాపోలో పండగ. డాన్సు అయిపోయే వేళకి వాన దంచింది. నా స్నేహితులు రెండు మోటారుసైకిళ్ళ మీద సర్దుకుంటూ, నేను రెండో బండి మీద ఉన్నానని మొదటి బండి, మొదటి దాని మీద ఉన్నానని రెండో బండి వెళ్ళిపోయాయి. నేనేమో అప్పటికింకా కోర్టులో ఆఖరి పాటకి ఆడుతున్నాను. నాతో ఆడుతున్నది ఆ ఊరి ఆర్నుల్ఫో. మంచి నవ్వు, చెడ్డ అడుగులు, నా పాదం నాలుగుసార్లు తొక్కాడు.

వాగు పొంగింది. దాటే దారి లేదు. రోడ్డు పక్క జీపుల కోసం కట్టిన షెడ్డులో తెల్లారేదాకా కూర్చున్నాం. ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మే ముసలావిడ కూడా మా పక్కనే బుట్ట పట్టుకుని కూర్చుంది. అతను తన పైచొక్కా నాకిచ్చి, తను వెల్డింగు నేర్చుకోవడానికి వెళ్ళబోతున్నానని, వెల్డింగులో ఎన్ని రకాలున్నాయో చెబుతూ పోయాడు. మూడో రకం దగ్గర నాకు నిద్రపట్టింది. ఆ రాత్రి జరిగింది ఇంతే. ముసలావిడని అడిగితే చెప్పేది. కానీ ఆవిడని ఎవరూ అడగలేదు, అత్త అయితే అసలు అడగదు.

పొద్దున్నే మోకాళ్ళ దాకా బురదతో, చెప్పులు చేత్తో పట్టుకుని మా ఊరి వీధిలో నడిచాను. కిటికీ కిటికీకీ ఒక తల. పగలు అన్నాక దాక్కోవడం కుదరదు, కాబట్టి తల పైకెత్తుకునే నడిచాను. కళ్ళు వాచి ఉన్నాయి అమ్మకి, రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది. జరిగిందంతా చెప్పాను. విన్నది.

"బాగా ఆడావా?"

"ఆడాను."

"సరే, కాళ్ళు కడుక్కో. ఆకలేస్తోందా?"

అంతే. అంతకన్నా ఒక్క మాట లేదు. నాన్న ఏదో అనబోతే అమ్మ ఆయనవైపు ఒక చూపు చూసింది, ఆయన కొడవలి పట్టుకుని చెట్టెక్కేశాడు.

ఇక మా ఊరి పండగ పదిహేనున. రైతుల పునీతుడు సాన్ ఇసిద్రోది ఆ రోజు. పదకొండు గంటలకి మా ఇల్లు తిరనాళ్ళలా ఉంది. అమ్మా నేనూ వెనక వంటపాకలో పొగలో కొట్టుకుంటున్నాం. నాన్న ముందు గదిలో అతిథుల్ని చూసుకుంటున్నాడు, అంటే పొద్దుటి నుంచీ ప్రతి అతిథితోనూ ఒక గ్లాసు కల్లు తాగుతున్నాడు. అంతలో వెదురు బొంగు మీద నిప్పులపై కాల్చిన నిలువెత్తు పందిని మోసుకుంటూ నలుగురు మగవాళ్ళు మెట్లెక్కారు. వాళ్ళ వెనక బియ్యం బస్తా, కల్లు కుండలు, కట్టెల మోపు, ఆఖరికి నీళ్ళ బిందె.

కట్టెలూ నీళ్ళూ కూడా ఎవరు తెస్తారు? మా దీవిలో పసిపిల్లని అడిగినా చెబుతుంది. పిల్లనడగడానికి వచ్చేవాళ్ళు తెస్తారు. మీ ఇంటి నిప్పు, మీ ఇంటి నీళ్ళు కూడా మాకక్కర్లేదు, పిల్లని ఇస్తే చాలు అని. ఆడపిల్ల తండ్రి ఆ పందిని కత్తితో కోశాడా, మాట ఇచ్చినట్టే. ఆ మాటని మళ్ళీ వెనక్కి తీసుకున్నవాళ్ళని మా ఊరు చూడలేదు.

నాన్నకి పంది కనిపించింది. కట్టెలు కనిపించలేదు. "ఆహా, కనాపోవాళ్ళు! మీదెంత పెద్ద మనసయ్యా!" అంటూ గోడకున్న కత్తి తీసి, పంది చెవి కోసి, అందరూ చూస్తుండగా కరకరలాడించేశాడు.

గదంతా చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది తిమోతియా అత్త. కొట్టదు మరి! కనాపో వెళ్ళి, "మావాళ్ళు సిగ్గుతో చచ్చిపోతున్నారు, మీరొస్తే కాళ్ళు పట్టుకుంటారు" అని ఆర్నుల్ఫో తల్లి కోర్దింగ్‌తో చెప్పి వచ్చింది ఆవిడే. పండగ రోజైతే అమ్మ ఎవర్నీ గుమ్మంలోంచి తిప్పి పంపలేదని తేదీ ఎంచింది కూడా ఆవిడే.

చప్పట్లు విని అమ్మ గరిటె చేత్తోనే ముందు గదిలోకి వచ్చింది. వెనకాల నేను. పందిని చూశాను, కట్టెల్ని చూశాను, మూల తల దించుకుని నిలబడ్డ ఆర్నుల్ఫోని చూశాను. నా చదువు, నా సీటు, నా జూన్ నెల అన్నీ నాన్న నోట్లో నలిగిపోతున్నాయి. నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. నా పెళ్ళికి చప్పట్లు కొట్టేశారు, నాకు కబురు కూడా లేదు.

పెళ్ళిమాటలు మాట్లాడే ఎస్తేబాన్ తాత గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్ళుగా కనాపోలో అదే ఆయన పని.

"అమ్మా లూమింగ్! మీ తోటలో ఒక పువ్వు పూసిందనీ, దాని వాసన వాగు దాటి మా ఊరికొచ్చిందనీ..."

"మా పెరట్లో బెండకాయలున్నాయి తాతా, పువ్వులు లేవు. భోంచేశారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తాత తడబడ్డాడు గాని ఆగలేదు. "వర్షంలో తడిసిన పువ్వుకి నీడ..."

"నీడ షెడ్డు ఇచ్చింది. గవర్నమెంటు కట్టించిన షెడ్డు."

అత్త ఇంక ఉండబట్టలేక ముందుకొచ్చింది. "చాల్లే లూమింగ్! పిల్ల రాత్రంతా పరాయి మగాడితో బయట ఉంది. ఊరంతా చూసింది. నీ మొగుడు పంది కోశాడు, అది కూడా ఊరంతా చూసింది. ఇంకా ఏం మిగిలిందని?"

"కోసింది మీ తమ్ముడు వదినా. కావాలంటే ఆయన్ని తీసుకెళ్ళి కనాపోలో కాపురం పెట్టించండి."

ఈసారి గట్టిగానే నవ్వారు. నాన్నకి అప్పుడు కట్టెలు కనిపించాయి. నోట్లో ముక్క మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయాడు.

"పేరు పోతుందే," అంది అత్త. "దాన్ని రేపెవరు చేసుకుంటారు?"

అమ్మ గరిటె బల్ల మీద పెట్టింది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇరవయ్యొక్కేళ్ళ కిందట ఇదే పండగకి నేను పడవెక్కి ఈ ఊరొచ్చాను. నాకు పదిహేడేళ్ళు. పియోతో మూడు పాటలకి ఆడాను. గాలి మళ్ళి పడవ కదల్లేదు, రాత్రి చర్చి వరండాలో పడుకున్నాను. తెల్లారి మా నాన్న దగ్గరికి పంది వెళ్ళింది. మోయించింది మీరే వదినా, గుర్తుందా? మా నాన్న కోశాడు. మీరందరూ చప్పట్లు కొట్టారు. నీకిష్టమేనా అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను అడిగారా? పెళ్ళైన మర్నాటి నుంచి డాన్సు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇప్పటికీ కూర్చునే ఉన్నాను. నా కూతురు కూర్చోదు."

నాన్న ముఖం చూడలేకపోయాను.

"ఇందాయ్! ఈ అబ్బాయిని పెళ్ళి చేసుకుంటావా?"

అంతమంది కళ్ళు నా మీద.

"చేసుకోను. నేను చదువుకోవాలి."

"నువ్వు, బాబూ?"

ఆర్నుల్ఫో వాళ్ళమ్మ వైపు చూశాడు, పంది వైపు చూశాడు. "నాకు జూన్‌లో వెల్డింగు క్లాసులు మొదలవుతాయి అత్తా," అన్నాడు.

"విన్నారుగా," అంది అమ్మ.

కోర్దింగ్ ముఖం ఎర్రబడింది. మంచి మనిషి. ఆ పందిని ఏడాది పాటు చేత్తో పెంచింది. "ఇంత దూరం మోసుకొచ్చి, కోశాక కాదంటే, మేం మళ్ళీ మా ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరగాలి లూమింగ్?" అంది.

అమ్మ వంటపాకలోకి వెళ్ళి ప్లాస్టిక్ కవర్ల కట్ట తెచ్చింది. నాన్న చేతిలో కత్తి లాక్కుని పందిని కోయడం మొదలుపెట్టింది. డొక్క ఒక కవర్లో, తొడ ఒక కవర్లో, కరకరలాడే తోలు విడిగా, మా తియ్యటి పంది కూర హుంబా రెండు గరిటెలు, కొబ్బరాకు పొట్లాల్లో ఉడికిన అన్నం, ఊదా కంద హల్వా.

ఏం చేస్తోందో ముందు అర్థమైంది ఎస్తేబాన్ తాతకే. పండగకి వచ్చిన అతిథి ఉత్తి చేతులతో వెళ్ళడు, ఇంటామె కవరు కట్టి ఇస్తుంది. దాన్ని వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టు. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళకి మాత్రం ఎవరూ కవరు కట్టరు. కాబట్టి కవరు పుచ్చుకున్నవాడు పండగ అతిథి. పండగ అతిథి ముందు పంది కోస్తే ఏ తండ్రీ మాటిచ్చినట్టు కాదు. పంది పందే.

అమ్మ మొదటి కవరు, అన్నిట్లోకీ బరువైనది, కోర్దింగ్ ముందు పట్టుకుంది.

"పండగకి వచ్చావు, సంతోషం. రాత్రంతా నీ కొడుకు తన చొక్కా మా పిల్లకి కప్పి, తను చలికి వణుకుతూ కూర్చున్నాడట. ఆ పెంపకం నీది. ఇలాంటి కొడుకున్న తల్లి తల దించుకోవడమేమిటి? అడిగినవాళ్ళకి అదే చెప్పు. నేనూ అదే చెబుతాను."

కోర్దింగ్ కవరు వైపు చూస్తూ ఉండిపోయింది. చెయ్యి ముందుకు రాలేదు. అత్త, "పుచ్చుకోకు కోర్దింగ్!" అని అరిచింది. నేను ఆర్నుల్ఫో వైపే చూశాను, ఏదో ఒకటి చెయ్యరా అన్నట్టు. అతను మూల నుంచి వచ్చి, అమ్మ చేతిలోంచి కవరు తీసుకుని, "థాంక్స్ అత్తా," అని తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "పద అమ్మా, ఎండ ముదురుతోంది."

తర్వాత ఎస్తేబాన్ తాత చెయ్యి చాపాడు. "రెండో చెవి ఉందా అమ్మా?"

"ఉంది తాతా. మా ఆయనకి అందకుండా దాచాను."

ఆయన నవ్వేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే కవర్లు పట్టుకుని మెట్లు దిగారు. తన చేతికిచ్చిన కవరుని అత్త మా గుమ్మంలోనే వదిలేసి పోయింది. రెండేళ్ళు మా గడప తొక్కలేదు. అమ్మ ఆ రెండేళ్ళూ ఎంత సుఖపడిందో చెప్పలేను.

ఐదు దాటాక జనం పలచబడ్డారు. పెరట్లో పంపు దగ్గర ముగ్గురం గిన్నెల గుట్ట ముందు కూర్చున్నాం. నాన్నకి మత్తు ఎప్పుడో దిగిపోయింది. మూకుడు మసి రుద్దుతున్నాడు.

"అందరి ముందూ అన్నావు," అన్నాడు.

"అబద్ధమా?"

"కాదు." ఇంకాసేపు రుద్దాడు. "అప్పుడు అడిగుంటే ఏం చెప్పేదానివి?"

అమ్మ తడుముకోలేదు. "వద్దనేదాన్ని."

లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. ఇరవయ్యొక్కేళ్ళు పక్కపక్కన బతికిన మనుషులు అలాంటి మాట అనుకోవడం కూతురు వినకూడదు.

నాన్న మూకుడు పక్కన పెట్టాడు. "నన్ను మాత్రం ఎవరడిగారు లూమింగ్? నాకు ఇరవయ్యేళ్ళు. బ్యాండులో బాకా ఊదేవాణ్ణి. ఆ నెలలో బృందంతో సెబూ వెళ్ళాలి. తెల్లారేసరికి మా అక్క వచ్చి, పంది కాలుతోంది, చొక్కా మార్చుకో అంది. మార్చుకున్నాను."

అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆ మనిషిని అంతసేపు అలా చూడగా నేనెన్నడూ చూడలేదు. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేక పంపు పట్టుకుంది. ఆవిణ్ణి చూసి నాన్నా నవ్వాడు. అప్పుడే కోర్టులో స్పీకర్లు మోగడం మొదలైంది.

అమ్మ లేచి చేతులు పావడాకి తుడుచుకుంది. "పియో, నిన్ను అడుగుతున్నాను. నాతో డాన్సుకి వస్తావా?"

"పెళ్ళైన ఆడవాళ్ళు బెంచీ మీద కదా..."

"బెంచీ సంగతి కాదు. వస్తావా, రావా? రానంటే ఏమీ అనుకోను."

నాన్న తడి చేతులు చూసుకున్నాడు, నన్ను చూశాడు. చిన్న కుర్రాడిలా ఎర్రబడ్డాడు. "వస్తాను," అన్నాడు.

ఇద్దరూ మసి బట్టలతోనే వీధిలోకి నడిచారు. కిటికీల్లో తలలు బయటికొచ్చాయి. అమ్మ తల తిప్పలేదు.

"మరి గిన్నెలో?" అని అరిచాను వెనక నుంచి.

"నీకు చేతులు లేవుటే?" అంది అమ్మ, నడుస్తూనే.

ఆ ఏడు మా ఊరి పండగకి నేను డాన్సుకి వెళ్ళలేదు. గిన్నెలు తోముతూ కూర్చున్నాను.